ఆలన్ డవర్ బ్లుమ్‌లైన్

ఆలన్ డవర్ బ్లుమ్‌లైన్ (జూన్ 29, 1903 - జూన్ 7, 1942) ఇంగ్లాండు దేశానికి చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. స్టీరియో ధ్వని ముద్రణకు ఆద్యుడు. టెలిఫోను, గ్రామఫోను, టెలివిజన్, రాడార్ అనే నాలుగు రంగములలో పనిచేసి 38 ఏళ్ళ జీవితములోనే 128 పేటెంట్లు సంపాదించాడు. హోమ్ థియేటర్ రిసీవరుకు స్పీకర్లు కలిపి, నడిమింటిలో కూర్చొని, ఎడమ నుండి కుడికి పోయే మోటారు బండి శబ్దమును చెవులతోనే గుర్తుపట్టగలుగుతున్నామంటే అందుకు మూలము ఇతడు 1931లో దాఖలు చేసిన ఒక పేటెంటు. అయినప్పటికీ ఇతని పేరు చాలాకాలము మరుగున ఉండిపోయింది. రెండవ ప్రపంచ యుద్ధములో రహస్య రాడార్ పరీక్ష జరుపుతూ విమాన ప్రమాదములో మరణించడము, ఆ వార్తను ప్రభుత్వము గోప్యముగా ఉంచడము ఇందుకు ముఖ్య కారణములు.

బాల్యము, విద్యాభ్యాసము

బ్లుమ్‌లైన్ లండనులోని హాంప్‌స్టెడ్ ప్రాంతములో జన్మించాడు. తండ్రి సెమ్మీ బ్లుమ్‌లైన్ జర్మనీలో పుట్టి బ్రిటిషు పౌరసత్వము పొందినవాడు. తల్లి జెస్సీ డవర్, దక్షిణాఫ్రికాలో పనిచేసిన స్కాట్లాండు మతప్రచారకుడు విలియం డవర్ కుమార్తె. ఇతని పేరు నడుమ ఉన్న డవర్ అనే మాట తల్లి పుట్టింటివారి పేరు.

ఏడేళ్ళ వయసులో ఇంటి తలుపు గంటను బాగుచేసి, ఎలక్ట్రికల్ ఇంజనీరునని సంతకము పెట్టి, తండ్రికి బిల్లు ఇచ్చాడని ప్రసిద్ధి. ఇంకొక సంగతి ఉపాధ్యాయులు గమనించదగినది. పన్నెండేళ్ళు వచ్చేవరకు ఇతడు ధారాళముగా చదవలేకపోయేవాడని ఇతని సోదరి తెలిపింది. చదువు రాని పిల్లవానిగా వెనుక బెంచీలో కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చును. హైగేట్ పాఠశాలలో చదువు ముగించి, 1921లో విద్యార్థి వేతనముపై లండనులోని సిటీ అండ్ గిల్డ్స్ కళాశాలలో చేరాడు. రెండేళ్ళలోనే, 1923లో, మొదటి శ్రేణిలో ఇంజనీరింగు పట్టా పొందాడు.

టెలిఫోను కంపెనీలో

1924లో ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ అనే టెలిఫోను సంస్థలో చేరాడు. తరువాత ఇది స్టాండర్డ్ టెలిఫోన్స్ అండ్ కేబుల్స్ అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. దూరప్రాంతములకు వేసిన తీగలలో ఒక తీగపై మాట్లాడే మాటలు పక్క తీగలోకి చొరబడేవి. ట్రంకు కాలు రోజులు ఎరిగినవారికి ఈ బాధ వివరించనక్కరలేదు. తీగల వెంట అక్కడక్కడ అమర్చే లోడింగు చుట్టలను కొత్త పద్ధతిలో రూపొందించి బ్లుమ్‌లైన్ ఈ చొరబాటును బాగా తగ్గించాడు.

ఇదే కాలములో మానవుని చెవి ఏ స్థాయి ధ్వనిని ఎంత బలముగా గ్రహిస్తుందో కొలిచి, ఆ కొలతల ఆధారముగా కొన్ని వలయములను నిర్మించాడు. యంత్రమును తయారుచేసే ముందు దానిని వినే చెవి ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న అలవాటు ఇక్కడే కనబడుతుంది.

కొలంబియా గ్రాఫోఫోను కంపెనీ

1929లో బ్లుమ్‌లైన్ కొలంబియా గ్రాఫోఫోను కంపెనీలో ఐజాక్ షోన్‌బర్గ్ ఆధ్వర్యములో చేరాడు. అప్పటికి విద్యుత్తు సహాయముతో రికార్డులు కోసే పద్ధతి అమెరికావారి పేటెంటులో ఉన్నది. కోసిన ప్రతి రికార్డుకు వారికి రుసుము చెల్లించవలసి వచ్చేది. ఆ పేటెంటును తాకకుండా, అంతకంటె మేలైన యంత్రము చేయడము బ్లుమ్‌లైన్‌కు అప్పగించిన మొదటి పని. ఇతడు హెర్బర్ట్ హోల్మన్‌తో కలిసి కదిలే తీగచుట్టతో పనిచేసే కోతయంత్రమును తయారుచేశాడు. కంపెనీకి రుసుము బెడద తప్పింది.

1931లో కొలంబియా, గ్రామఫోను కంపెనీ (కుక్క బొమ్మ గల హిజ్ మాస్టర్స్ వాయిస్ ముద్ర వీరిదే) ఏకమై ఈ.ఎం.ఐ. సంస్థ ఏర్పడినది. లండను సమీపమున హేస్ పట్టణములో దీని పరిశోధనాలయము ఉండేది. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లోని కర్మాగారము కూడ ఈ సంస్థ పరిధిలోనిదే. తెలుగువారి పద్యములు, నాటకములు, కర్ణాటక సంగీత కీర్తనలు ఈ రెండు ముద్రలపైన ఇంటింటికీ చేరాయి.

సినిమాహాలులో కలిగిన ఆలోచన

1931 తొలినాళ్ళలో బ్లుమ్‌లైన్, తరువాత తన భార్య అయిన డోరీన్ లేన్‌తో కలిసి సినిమాకు వెళ్ళాడు. మాటల చిత్రములు అప్పుడే కొత్త. పాత్రధారి తెరపై ఒక కొస నుండి ఇంకొక కొసకు నడుస్తున్నాడు, అతని మాట మాత్రము కదలకుండా ఒకే చోటి నుండి వస్తున్నది. మనిషితోపాటు మాట కూడ కదిలేటట్లు చేసే ఉపాయము తనకు తోచిందని ఆయన ఆమెతో అన్నాడు. చూపులేనివాడు సైతము తెరపై ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పగలగాలన్నది ఆయన ఆశయము.

ఈ లోపమును మన ప్రాంతము వారు సులభముగా గ్రహించగలరు. చిత్తూరు జిల్లాలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర వేసవిలో భారత మహోత్సవములు జరిగేటప్పుడు హరిదాసు పందిరిలో నిలబడి కథ చెపుతాడు. ఊరికి వినబడేందుకు మైకుసెట్టువారు చింతచెట్టుకు గొట్టపు స్పీకరు కట్టి ఉంటారు. చెట్టు దగ్గర కూర్చున్నవానికి హరిదాసు ఒకవైపు కనబడతాడు, కథ ఇంకొకవైపు నుండి వస్తుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక, పందిరి 100 మీటర్ల దూరములో ఉంటే హరిదాసు అసలు గొంతు దాదాపు 0.3 సెకను ఆలస్యముగా చేరుతుంది. గొట్టపు స్పీకరు మాట తీగలో క్షణములో వచ్చి ముందే చెవిన పడుతుంది. చెవి ముందు వచ్చినదానినే నమ్ముతుంది. కాబట్టి కథ చెపుతున్నది చెట్టే అనిపిస్తుంది.

బ్లుమ్‌లైన్ పేటెంటు దరఖాస్తు దాఖలు చేసిన రెండు నెలలలోపే, 1932 ఫిబ్రవరి 6న, మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలైనది. అందులోనూ, తరువాత చిత్తూరు నాగయ్య నటించి దర్శకత్వము వహించిన త్యాగయ్య (1946) వంటి చిత్రములలోనూ శబ్దపథము ఒక్కటే. పాట తెర వెనుక ఒకే చోటి నుండి రావలసినదే.

రెండు చెవుల లెక్క

తిరుమల మాడవీధులలో వాహనసేవ వచ్చేటప్పుడు కన్నులు మూసుకొన్నా నాదస్వరము ఏ మూల నుండి వస్తున్నదో తెలుస్తుంది. రెండు చెవుల మధ్య ఒక జానెడు దూరమైనా లేదు. కుడివైపు నుండి వచ్చే ధ్వని కుడిచెవికి ముందు, ఎడమచెవికి తరువాత చేరుతుంది. ఈ వ్యత్యాసము ఎంత పెద్దదైనా సెకనులో వెయ్యవ వంతుకు మించదు. అంతకంటె తక్కువే, సుమారు 0.6 లేక 0.7 మిల్లీసెకను. మందరస్థాయి ధ్వనులలో మెదడు ఈ కాలవ్యత్యాసమును, అంటే తరంగముల హెచ్చుతగ్గుల వరుసలోని తేడాను (దీనిని ఫేజు అంటారు) పట్టుకొంటుంది. తారస్థాయి ధ్వనులలో తల అడ్డుపడడము వలన దూరపు చెవికి తగ్గిన బలమును పట్టుకొంటుంది.

ఒక్కొక్క చెవికి ఒక్కొక్క శబ్దమును పంపితే చాలునని అంతకుముందే కొందరికి తెలుసు. 1881లో పారిస్ ప్రదర్శనలో క్లెమాఁ అడేర్ ఒపెరా సంగీతమును రెండు టెలిఫోను గొట్టముల ద్వారా వినిపించాడు. కాని అది చెవికి గొట్టము పెట్టుకొన్నప్పుడే పనిచేస్తుంది. గదిలో రెండు స్పీకర్లు పెడితే ఎడమ స్పీకరు ధ్వని కుడిచెవికి, కుడి స్పీకరు ధ్వని ఎడమచెవికి కూడ చేరుతుంది. అంతా కలగాపులగమవుతుంది. చిక్కు అక్కడున్నది.

బ్లుమ్‌లైన్ ప్రతిభ ఈ చిక్కును వదిలించుకోవడానికి బదులు వాడుకోవడములో ఉన్నది. రెండు స్పీకర్లు ఒకే ధ్వనిని ఒకే సమయమున, ఒకటి బలముగా, ఇంకొకటి మెల్లగా పలికితే, అవి రెండూ ప్రతి చెవి దగ్గర కలిసినప్పుడు మందరస్థాయిలో బలములోని తేడా కాస్తా ఫేజులోని తేడాగా మారుతుందని ఇతడు గణితముతో నిరూపించాడు. అనగా స్పీకర్లకు పంపవలసినది బలములోని తేడా మాత్రమే, దానిని కాలవ్యత్యాసముగా మార్చే పని వినేవాని తలయే చేసిపెడుతుంది. పేటెంటులో మిగిలినవన్నీ ఈ ఒక్క గ్రహింపు నుండి వచ్చినవే.

394325 సంఖ్య గల పేటెంటు

1931 డిసెంబరు 14న దరఖాస్తు చేయగా 1933 జూన్ 14న ఆమోదము పొందిన ఈ బ్రిటిషు పేటెంటులో 70 హక్కులు పేర్కొనబడినవి. ఆయన దీనిని బైనారల్, అనగా ద్విశ్రవణ పద్ధతి అన్నాడు. స్టీరియో అనే మాట తరువాత స్థిరపడినది. పేటెంటులోని అంశములలో ముఖ్యమైనవి మూడు.

ఒకటి, మైక్రోఫోనుల అమరిక. రెండు వైపులా మాత్రమే వినే రెండు మైక్రోఫోనులను ఒకే చోట, ఒకదానికొకటి 90 డిగ్రీల కోణములో నిలపడము. రెండూ ఒకే చోట ఉన్నందున వాటికి ధ్వని ఒకే సమయములో చేరుతుంది. బలములో మాత్రమే తేడా వస్తుంది. కావలసినది అదే.

రెండవది, కూడిక-తీసివేతల పద్ధతి. ఎడమ, కుడి సంకేతములను నేరుగా ఉంచక, వాటి మొత్తమును ఒకటిగా, వాటి భేదమును ఇంకొకటిగా మార్చడము. మొత్తమును, భేదమును కూడితే తిరిగి ఎడమ, తీసివేస్తే తిరిగి కుడి లభిస్తాయి. ఎనిమిదవ తరగతి బీజగణితములో పిల్లలు చేసే లెక్కయే ఇది. భేదమును పెంచి మొత్తముతో కలిపితే ధ్వనుల వేదిక విశాలమవుతుంది, తగ్గిస్తే ముడుచుకొంటుంది. భేదమును పూర్తిగా తీసివేస్తే మిగిలేది పాతకాలపు ఒంటి ధ్వని.

మూడవది రికార్డు గాడి. గాడి మామూలుగా ముల్లును పక్కలకు ఊపుతుంది. బ్లుమ్‌లైన్ గాడికి రెండు గోడలున్నవన్న సంగతిని ఉపయోగించుకొన్నాడు. ఒక్కొక్క గోడ నిలువుకు 45 డిగ్రీల వాలులో ఉంటుంది, ఒక గోడపై ఎడమ ధ్వనిని, రెండవ గోడపై కుడి ధ్వనిని కోస్తే ఒకే ముల్లు రెండింటినీ చదువుతుంది. రెండు గోడలు పరస్పరము లంబకోణములో ఉన్నందున ఒకదాని కదలిక రెండవదానిలోకి చొరబడదు. టెలిఫోను తీగల మధ్య చొరబాటును మాన్పినవాడు గాడిలోనూ అదే సాధించాడు.

అమెరికాలో బెల్ పరిశోధనాలయమువారు సరిగ్గా ఇదే కాలములో స్వతంత్రముగా కృషి చేశారు. 1933 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో వాయించిన వాద్యబృందమును వాషింగ్టనులో మూడు స్పీకర్ల ద్వారా వినిపించారు. వారి మార్గము మైక్రోఫోనులను వరుసగా దూరదూరముగా నిలపడము. హోమ్ థియేటరులోని నడిమి స్పీకరుకు పూర్వరూపము వారి ప్రయోగములో కనిపిస్తుంది. ఈ గౌరవము అంతా బ్లుమ్‌లైన్ ఒక్కనికే కట్టబెట్టడము న్యాయము కాదు.

ప్రయోగములు

1933లో స్టీరియో రికార్డులను కోసి పరీక్షించారు. 1934 జనవరిలో లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో సర్ థామస్ బీచమ్ నిర్వహణలో లండను ఫిల్హార్మోనిక్ బృందము మోజార్ట్ జూపిటర్ సింఫనీని సాధన చేస్తుండగా ఈ పద్ధతిలో ముద్రించారు. 1935లో చలనచిత్రములు తీశారు. ఒకదానిలో పరిశోధనాలయపు ఉద్యోగులు వేదికపై అటూ ఇటూ నడుస్తూ మాట్లాడతారు. ఇంకొకటి హేస్ రైల్వే స్టేషనులో రైళ్ళు వచ్చిపోవడము, నిడివి సుమారు 5 నిమిషములు. రైలు తెరపై ఎటు పోతే చప్పుడు కూడ అటు పోతుంది. సినిమాహాలులో నాలుగేళ్ళ క్రితము డోరీన్‌కు ఇచ్చిన మాట నెరవేరింది.

అంతటితో ఆ పని ఆగిపోయింది. ఆర్థిక మాంద్యపు రోజులలో ఒకటికి రెండు స్పీకర్లు కొనేవారెవరని సంస్థ సందేహించింది, పైగా టెలివిజన్ పోటీ తరుముకొచ్చింది. షోన్‌బర్గ్ తన సమర్థులందరినీ ఆ వైపు మళ్ళించాడు. వ్యాపార దృష్టితో అది తప్పనలేము గాని, సంగీతప్రియులకు ఇరవై ఏళ్ళకు పైగా నష్టము జరిగిందన్నది నిజము.

టెలివిజన్, ఆంప్లిఫయర్లు

మార్కోనీ-ఈ.ఎం.ఐ. వారి 405 గీతల టెలివిజన్ పద్ధతి రూపకర్తలలో బ్లుమ్‌లైన్ ప్రముఖుడు. 1936 నవంబరు 2న బి.బి.సి. లండనులోని అలెగ్జాండ్రా పాలెస్ నుండి ప్రసారములు ప్రారంభించి, బెయిర్డ్ వారి 240 గీతల పద్ధతిని, దీనిని వంతులవారీగా వాడి చూసింది. 1937 ఫిబ్రవరిలో బెయిర్డ్ పద్ధతిని విడిచిపెట్టింది. 405 గీతల ప్రసారములు బ్రిటనులో 1985 వరకు కొనసాగాయి.

ఈ పనిలో భాగముగానే 1936లో జంట వాల్వులతో ఒక వలయమును రూపొందించాడు. తనకు వచ్చే రెండు సంకేతముల భేదమును మాత్రమే పెంచి, రెండింటిలో సమానముగా దూరిన రొదను వదిలివేయడము దీని గుణము. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చినా ఈ వలయము పోలేదు, ఇళ్ళలోని ఆంప్లిఫయర్లలో, ఐ.సి.లలో అసంఖ్యాకముగా ఉన్నది. భేదము అన్న మాట ఇతని జీవితమంతటా వినబడుతూ ఉంటుంది.

1933లో డోరీన్‌ను వివాహమాడాడు. వారికి సైమన్, డేవిడ్ అని ఇద్దరు కుమారులు.

రాడార్ పరిశోధన, మరణము

యుద్ధము రాగానే ఈ.ఎం.ఐ. పరిశోధనాలయము రక్షణ పనులకు మళ్ళింది. విమానముల చప్పుడును రెండు చెవులకు బదులు పరికరములతో విని, దిక్కును తెరపై చూపే యంత్రము మొదట చేశారు. అది ద్విశ్రవణ పరిశోధనకు బంధువే. తరువాత రాత్రివేళ శత్రు విమానములను పసిగట్టే రాడార్లు, ఆపైన హెచ్.టు.ఎస్. అనే రాడార్. ఇది విమానము కడుపు భాగమున ఉండి, మబ్బులు, చీకటి అడ్డున్నా క్రింది నేలపై ఊళ్ళు, నదులు, తీరరేఖలు తెరపై కనబడేటట్లు చేస్తుంది.

రాడార్ అనగా ప్రతిధ్వనిని వినడమే, ధ్వనికి బదులు రేడియో తరంగములు. తిరుపతి-చిత్తూరు దారిలో పాకాల సమీపమున గాదంకిలో 1990ల తొలినాళ్ళ నుండి పనిచేస్తున్న ఎం.ఎస్.టి. రాడారులో 1024 యాంటెన్నాలు 130 మీటర్ల చదరములో నిలిచి ఉన్నవి. వాటిని కదిలించకుండానే, ఒక్కొక్కదానికి అందే సంకేతపు ఫేజును కొద్దిగా మార్చి కిరణమును కోరిన దిక్కుకు వంచుతారు. బ్లుమ్‌లైన్‌కు దానితో సంబంధము లేదు. అయినా రెండు చెవులు దిక్కును పట్టే సూత్రము, ఆ యాంటెన్నాల సూత్రము ఒకే కుదురులోనివి.

1942 జూన్ 7, ఆదివారము. బ్లుమ్‌లైన్ తన సహచరులు సెసిల్ బ్రౌన్, ఫ్రాంక్ బ్లైథెన్‌లతో కలిసి హెచ్.టు.ఎస్. పరీక్ష కొరకు డెఫర్డ్ విమానాశ్రయము నుండి వి 9977 సంఖ్య గల హాలిఫాక్స్ బాంబరులో బయలుదేరాడు. తిరుగు ప్రయాణములో కుడివైపు ఇంజనులో మంటలు లేచి రెక్కకు వ్యాపించాయి. హెరెఫర్డ్‌షైరులో వై నది ఒడ్డున వెల్ష్ బిక్నర్ అనే పల్లె దగ్గర విమానము కూలిపోయి, అందులోని 11 మంది మరణించారు. బ్లుమ్‌లైన్‌కు ఇంకా 39 ఏళ్ళు నిండలేదు. ఇంజనులో ఒక వాల్వుకు సంబంధించిన నట్టును నిర్వహణ సమయములో సరిగ్గా బిగించకపోవడమే అగ్నికి మూలమని తరువాత విచారణలో తేలింది.

రాడార్ బృందమునకు ఇది పెద్ద దెబ్బ. అయినా పని ఆపలేదు. 1943 జనవరి చివర హెచ్.టు.ఎస్. యుద్ధరంగములో వాడుకలోకి వచ్చింది. శత్రువుకు సూచన అందరాదని మరణవార్తను బయటకు రానీయలేదు. ఆ స్థాయి ఇంజనీరుకు పత్రికలలో వెంటనే రావలసిన సంతాప వ్యాసములు రాలేదు. యుద్ధము ముగిసిన తరువాత కూడ రాడార్ విషయములు చాలాకాలము రహస్యములే. 1970లలో ఒక జీవితచరిత్ర కొరకు సామగ్రి సేకరించబడినా ఆ గ్రంథము వెలువడలేదు. రాబర్ట్ అలెగ్జాండర్, రస్సెల్ బర్న్స్ వేర్వేరుగా వ్రాసిన జీవితచరిత్రలు 1999-2000 ప్రాంతమున గాని రాలేదు. మరణించిన 57 సంవత్సరములకు!

స్టీరియో రికార్డుల రాక

1957లో అమెరికాలోని వెస్ట్రెక్స్ సంస్థ 45 డిగ్రీల వాలుగోడల గాడితో స్టీరియో రికార్డు పద్ధతిని ప్రదర్శించింది. 1958 నాటికి అదే ప్రపంచమంతటికీ ప్రమాణమైనది. బ్లుమ్‌లైన్ గాడికి, దీనికి తేడా లేదు. అప్పటికి పేటెంటు గడువు తీరిపోయింది. కుటుంబమునకు దక్కినది ఏమీ లేదు.

1961లో అమెరికాలో మొదలైన స్టీరియో ఎఫ్.ఎం. ప్రసారములలో కూడ కూడిక-తీసివేతల పద్ధతియే ఉన్నది. పాత రేడియోకు మొత్తము అందుతుంది, కొత్త రేడియో భేదమును కూడ తీసుకొని ఎడమ కుడులను విడదీస్తుంది.

హోమ్ థియేటర్ రిసీవరులో బ్లుమ్‌లైన్ సూత్రములు

1970ల మధ్యలో డాల్బీ సంస్థ సినిమాలకు తెచ్చిన పద్ధతిలో ఫిల్ముపై ఉన్న శబ్దపథములు రెండే. వినవచ్చేవి నాలుగు: ఎడమ, నడుమ, కుడి, వెనుక. ఇందులోని వలయములు తరువాతి వారివి. అయినా రెండు సంకేతములలోనూ సమానముగా ఉన్నది నడిమి స్పీకరుకు, రెండింటి భేదము వెనుక స్పీకర్లకు పంపడమనే మూలసూత్రము బ్లుమ్‌లైన్ లెక్కను గుర్తుకు తెస్తుంది. 1982 నుండి ఇళ్ళలోని రిసీవర్లలోకి, 1987లో ప్రో లాజిక్ పేరుతో మెరుగుపడిన రూపములో ఇది వచ్చింది. పాత్రల మాటలు రెండు పథములలో సమానముగా ఉంటాయి కనుక నడుమ నుండి, వాన చప్పుడు, జనఘోష వంటివి వెనుక నుండి వస్తాయి.

రిసీవరును అమర్చేవారికి ఈ సూత్రము తెలిస్తే ఎన్నో సందేహములు తీరతాయి. టీవీ నుండి ఎరుపు, తెలుపు కొనలు గల రెండు తీగలతో కలిపినప్పుడు రిసీవరుకు అందేది రెండు సంకేతములే. ఐదు స్పీకర్లు పలికినా అది కూడిక-తీసివేతల ఫలితము. ఆ రెండింటిలో ఒకటి ఊడిపోతే మొత్తమునకు, భేదమునకు తేడాయే ఉండదు, అందుచేత మాటలు నడిమి స్పీకరులోకి సరిగా రావు. ఐదు శబ్దపథములు, ఒక ఊఫరు పథము విడివిడిగా రావాలంటే (5.1 అనేది ఇదే) ఆప్టికల్ తీగ గాని, హెచ్.డి.ఎం.ఐ. తీగ గాని ఉండాలి. టీవీలోని శబ్ద అమరికలలో డిజిటల్ ధ్వనిని మార్చకుండా బయటకు పంపే ఎంపికను పెట్టాలి. టీవీ ధ్వని రిసీవరుకు రావలసి ఉన్నప్పుడు ఏ.ఆర్.సి. అని వ్రాసి ఉన్న రంధ్రములోనే, రెండువైపులా, ఆ తీగ గుచ్చాలి. ఎందరో ఇక్కడే పొరబడి రిసీవరు చెడిపోయిందనుకొంటారు.

స్పీకరు తీగల ఎరుపు, నలుపు కొనలు తారుమారు కావడము ఇంకొక సాధారణ లోపము. ఒక స్పీకరు తీగ తిరగబడితే అది ముందుకు నెట్టవలసిన గాలిని వెనక్కు లాగుతుంది. ఎడమ, కుడి స్పీకర్లు పరస్పరము రద్దుచేసుకొని మృదంగపు తొప్పి, బాస్ వంటి మందరధ్వనులు పలచబడతాయి, రెంటి మధ్య నిలవవలసిన గాయకుని గొంతు ఎక్కడున్నదో తెలియకుండా చెదిరిపోతుంది. దీనిని కనుగొనడము సులభము. నడిమి, వెనుక స్పీకర్లను ఆపి, ఎడమ కుడి స్పీకర్లకు సమదూరములో కూర్చొని, పాత ఒంటిధ్వని పాట ఏదైనా వినాలి. ఘంటసాల పద్యమైనా సరిపోతుంది. గొంతు ఖచ్చితముగా నడుమ గోడ నుండి వస్తే తీగలు సరిగా ఉన్నట్లు. లేకుంటే ఒక స్పీకరు కొనలను మాత్రమే మార్చి మరల వినాలి.

రిసీవరులో స్పీకర్ల దూరము నింపమని అడిగే చోట అంకెలు ఊరకే వేయరాదు. ధ్వనికి ఒక మీటరు దాటడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ముందు స్పీకర్లు 3 మీటర్ల దూరములో, వెనుకవి మన ఇళ్ళలో మామూలుగా ఉండేటట్లు సోఫాకు ఒకటిన్నర మీటరులో ఉంటే వెనుక ధ్వని 4 మిల్లీసెకన్లకు పైగా ముందే వచ్చి చెవిన పడుతుంది. చింతచెట్టు స్పీకరు కథయే పునరావృతమవుతుంది. దూరములు సరిగా నింపితే రిసీవరు దగ్గరి స్పీకరును ఆ మేరకు ఆలస్యముగా పలికిస్తుంది.

గుర్తింపు

ఈలింగ్‌లో బ్లుమ్‌లైన్ నివసించిన ఇంటిపై 1977లో స్మారక ఫలకము ఉంచారు. విమానము కూలిన చోటికి సమీపములో ఉన్న గుడ్‌రిచ్ కోటలోని ప్రార్థనామందిరములో ప్రమాదమునకు 50 ఏళ్ళు నిండిన 1992లో రాడార్ పరిశోధకుల స్మృతికి రంగుటద్దాల కిటికీ అమర్చారు. ఈ.ఎం.ఐ. భద్రపరచిన 1930ల నాటి స్టీరియో ముద్రణలు, హేస్ స్టేషను చిత్రము తరువాతి కాలములో పునరుద్ధరింపబడి ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. 2015లో అంతర్జాతీయ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఐ.ఇ.ఇ.ఇ., ఆబీ రోడ్ స్టూడియోలో ఇతని స్టీరియో ఆవిష్కరణకు మైలురాయి గుర్తింపు ఫలకమును నెలకొల్పింది. 2017లో సాంకేతిక గ్రామీ పురస్కారము మరణానంతరము లభించింది. 90 డిగ్రీల కోణములో నిలిపే మైక్రోఫోనుల అమరికను ధ్వని ముద్రణకారులు బ్లుమ్‌లైన్ జంట అని పిలుస్తారు. కచేరీలను ముద్రించడానికి దానిని నేటికీ వాడుతున్నారు.